సూబ్రాయన్ అట్టలో వేరే ప్లేటు

పాపం చేసినవాళ్ళకి నిద్ర పట్టదని పెద్దలు చెబుతారు. పెద్దలకి తెలియదు. షనీస్ పాపం చేసి ఏడు నెలలు గుర్రుపెట్టి నిద్రపోయింది.

ముందు ఆ పిల్ల పిచ్చి సంగతి చెప్పాలి. 1993లో షనీస్‌కి పదహారేళ్ళు. ఇల్లు డర్బన్ దగ్గర టోంగాట్‌లో, చక్కెర మిల్లు పొగగొట్టానికి ఇవతల. కోతల కాలంలో చెరకు తోటలు తగలబెడితే నల్లటి నుసి ఎగిరొచ్చి ఆరేసిన బట్టల మీద వాలే వీధి అది. తోటి పిల్లలంతా ఆ ఏడు వచ్చిన పాటలకి ఊగుతుంటే, ఈమెకి మాత్రం పదేళ్ళ కిందటి ఇంగ్లండు బ్యాండ్లు కావాలి. న్యూ వేవ్. కళ్ళకి కాటుక పెట్టుకుని, సింథసైజర్ ముందు నిలబడి, లోకం రేపే మునిగిపోతుందన్నట్టు పాడే తెల్ల కుర్రాళ్ళు. డర్బన్ ఓవర్‌పోర్ట్‌లో కిస్టెన్ అనే ఆయనకి రికార్డుల అంగడి ఉండేది. సీడీలు వచ్చాక పాత ఆల్బమ్‌ల మొహం ఎవడూ చూడటం లేదు. షనీస్ శనివారం శనివారం బస్సెక్కి వెళ్ళి, అంగడి తుడిచి, అట్టలు వరసగా సర్దేది. ఆయన వారానికో ఆల్బమ్ చేతిలో పెట్టేవాడు.

అలా పదమూడు పోగయ్యాయి. అందులో ఒకటి ప్రాణం. అట్ట మీద బూడిదరంగు సముద్రం, ఒడ్డున ఒక ఎర్ర గొడుగు, మనిషి లేడు. రెండో వైపు నాలుగో పాటలో డ్రమ్ములు ఆగిపోయి సింథసైజర్ ఒక్కటే మిగిలే చోటు ఉంది. అక్కడ ఆమెకి ఒళ్ళు జలదరించేది.

"అక్కడ నన్నెవరో పిలిచినట్టుంటుంది మమ్మీ," అంది ఒకసారి తల్లితో.

"పిలిచేది పైవాడో కిందివాడో చూసుకో," అంది వెలరీ, రొట్టె తిరగేస్తూ.

ఎందుకంటే ఆ ఇల్లు అప్పటికే క్రీస్తు ఇల్లు. తండ్రి డెస్మండ్ మిల్లులో ఫిట్టరు. గుడారం సభలో ఒకనాడు ఏడ్చి, మోకరించి, లేచేసరికి వేరే మనిషి. మారనిది డెస్మండ్ తల్లి ఒక్కతే, మ్యాగీ అవ్వ. అసలు పేరు మంగమ్మ. ఎస్టేటు గుమాస్తాకి నోరు తిరగక పుస్తకంలో మ్యాగీ అని రాసుకున్నాడు. మనిషి పేరు మార్చడానికి వాళ్ళకి ఒక కలం చాలు.

"అమ్మా, నీ ట్రంకు పెట్టె జోలికి నేను రాను," అని డెస్మండ్ మాటిచ్చాడు. "నీ దేవుళ్ళని మాత్రం హాల్లోకి తేకు."

"నా దేవుళ్ళు నీకన్నా బుద్ధిమంతులు లేరా. పెట్టెలో కూకోమంటే కూకుంటారు," అంది అవ్వ.

ఆ పెట్టెలో పటాలు, ఇత్తడి దీపం, వాటి కింద గుడ్డలో చుట్టిన ఒక రికార్డు ప్లేటు. గోధుమరంగు ఉత్త అట్ట, మీద పెన్సిలుతో సూబ్రాయన్ అని రాసి ఉండేది. సూబ్రాయన్ అంటే అవ్వ మొగుడు, షనీస్ తాత. తీరంలో ఒక చెరకు ఎస్టేటులో, కూలీలుండే బ్యారెక్స్‌లో రాత్రుళ్ళు భజన కట్టేవాడు, పగలు చెరకు నరికేవాడు. రేషను బియ్యంలో పురుగులు వచ్చిన ఏడాది కూలోళ్ళు కత్తులు కింద పెట్టేశారు. పద్నాలుగు మందిని కుటుంబాలతో సహా బయటికి గెంటారు. ఆ సమ్మె మీద తాత పాట కట్టాడు. 1962లో భజన బృందం డర్బన్‌లో ఒక స్టూడియోకి వెళ్ళి దాన్ని ప్లేటు మీదకి ఎక్కించింది. ముప్పై కాపీలు తీశారు. తరవాత తెల్ల సర్కారు ఇండియన్ల పేటలు ఖాళీ చేయించినప్పుడు కొన్ని పోయాయి, వరదల్లో కొన్ని. అవ్వకి తెలిసినంతలో మిగిలింది ఇదొక్కటే.

మూడో చరణం నిండా పేర్లే. గెంటేసిన పద్నాలుగు మందివి.

"ఎందుకు వినవు అవ్వా, నా ప్లేయర్ ఉంది కదా?" అని షనీస్ ఒకసారి అడిగింది. షనీస్ మాట ఇంగ్లీషు, అవ్వ మాట తెలుగు. ఒకరిది ఒకరికి తెలుస్తుంది, అంతే.

"ఆయన గొంతు ఊరికే ఇనకూడదే గుంటా. ఓ రోజుంది. మనకీ ఆఫ్రికనోళ్ళకీ ఒకే లైన్లో ఓటొచ్చిన్నాడు ఇంటాను. ఆయన నాతో అన్నమాట అది."

1984లో తెల్లవాళ్ళు తమ పార్లమెంటు పక్కన ఇండియన్లకి ఒక గది కట్టి, ఇందులో ఓటేసుకోండి, ఆఫ్రికన్లకి మాత్రం లేదు అన్నారు. ఎంగిలి విస్తరి నాకొద్దని తాత గడప దాటలేదు. మరుసటేడు పోయాడు. ఇవన్నీ షనీస్ విన్నది. ముసలివాళ్ళ మాటలు విన్నట్టే విన్నది, గిన్నె తోముతూ.

ఆ సెప్టెంబరులో పాస్టర్ ఐవన్ చర్చిలో ప్రకటించాడు: వచ్చే ఆదివారం లోకపు పాటల దహనం. ప్రతి ఇంటివాళ్ళూ తెచ్చి తగలెయ్యాలి. కొందరు తెలివిగలవాళ్ళు ఉత్త అట్టలు తెచ్చి ప్లేటు ఇంట్లో దాస్తున్నారని ఆయనకి తెలుసు. అందుకని ఒక పద్ధతి పెట్టాడు. ఎవరి ప్లేటు వాళ్ళే అట్టలోంచి తీయాలి, అందరికీ చూపించాలి, తమ మోకాలి మీదే విరవాలి.

డెస్మండ్‌కి పదమూడు అట్టలూ తెలుసు. షనీస్ క్యాసెట్లన్నీ ముందే బకెట్లో వేసేశాడు. ఎర్ర గొడుగు అట్టతో వెళ్ళాలంటే అందులో ఏదో ఒక నల్ల ప్లేటు ఉండాలి. ఇంట్లో మిగతావన్నీ తండ్రి పొద్దున్నే పెట్టుకునే గాస్పెల్ పాటలు. ఒకటి తగ్గితే ఆ పూటే పట్టేస్తాడు.

శనివారం అవ్వ స్నానానికి వెళ్ళింది. షనీస్ ట్రంకు తెరిచింది. తాత అట్టలోని ప్లేటు గొడుగు అట్టలోకి, గొడుగు ప్లేటు తాత అట్టలోకి. గుడ్డ చుట్టి మళ్ళీ దీపం కింద పెట్టింది. నిమిషం పట్టలేదు.

ఆదివారం మైదానంలో పాత నూనె పీపాలో మంట. షనీస్ పన్నెండు ప్లేట్లు విరిచింది. విరిచిందంటే మాట వరసకి. అవి రబ్బరులా వంగాయి, తొక్కితే గానీ ముక్కలు కాలేదు. పదమూడోది పాతది, మందపాటిది. మధ్యనున్న పేరు కాగితానికి అరచెయ్యి అడ్డం పెట్టి పైకెత్తి చూపించి మోకాలికేసి కొట్టింది. ఒక్క దెబ్బకి ఠప్పున రెండైంది.

"హల్లెలూయా!" అన్నాడు ఐవన్. "చూశారా, మనసు విరిగితే ప్లేటు అదే విరుగుతుంది!"

డెస్మండ్ కళ్ళనీళ్ళతో కూతుర్ని కౌగిలించుకున్నాడు. షనీస్ లోపల నవ్వుకుంది. గెలిచాననుకుంది మరి.

ఆ తరవాత బుధవారాలు ఇంట్లోవాళ్ళు ప్రార్థన కూటానికి వెళితే, అవ్వ పెరట్లో కునికిపాట్లు పడుతుంటే, గొడుగు ప్లేటు బయటికి తీసి సన్నగా పెట్టుకునేది. నాలుగో పాట వచ్చేది. ఒళ్ళు జలదరించేది. ఎవరూ కనిపెట్టలేదు. అవ్వ ఒక్కపొద్దుండి పూజ చేసే పెరటాసి నెల శనివారాలు వచ్చాయి. అవ్వ పెట్టె తెరిచి, గుడ్డ విప్పి, తాత అట్ట తుడిచి, మూల మీద ఒక కుంకం బొట్టు పెట్టి దండం పెట్టేది. ఆ నెలలో నాలుగు బొట్లు. కాటుక కుర్రాళ్ళకి పూజ జరిగింది. మొదటి బొట్టుకి షనీస్‌కి నవ్వొచ్చింది. నాలుగో బొట్టుకి రాలేదు. లేచి బయటికి వెళ్ళిపోయింది.

అప్పుడైనా చెప్పొచ్చు. చెప్పలేదు.

1994 ఏప్రిల్ 26, మంగళవారం. అన్ని రంగులవాళ్ళకీ కలిపి మొదటి ఎన్నికలు, ముసలివాళ్ళకీ జబ్బువాళ్ళకీ ముందు రోజే ఓటు. పదిహేడేళ్ళ షనీస్‌కి ఓటు లేదు గానీ అవ్వని స్కూలు దాకా నడిపించుకెళ్ళడానికి ఆమే దిక్కు. లైను రోడ్డు మలుపు దాటింది. అవ్వ ఇంటి నుంచి తెచ్చుకున్న కుర్చీలో కూర్చుని, లైను కదిలినప్పుడల్లా కుర్చీ కదిలించమంటూ, ముందున్న జూలూ ముసలమ్మతో మిల్లు కూలీల కలగూర భాష ఫనకలోలో కబుర్లు పెట్టింది. ఇద్దరికీ మోకాళ్ళ నొప్పి. ఇద్దరూ ఒక నారింజ పంచుకున్నారు.

"ఈ ఓటు నాది కాదే," అంది అవ్వ షనీస్‌తో. "ఆ పద్నాలుగు మందిది. ఆరు పేర్లే గ్యాపకం నాకు. పోనీ, నాను మరిస్తే ఏటి? ప్లేటు మరవదు కదా. ఇంటికెళ్ళగానే ఎట్టు. మద్దేనం మీ నాయిన డ్యూటీలో ఉంటాడు. ఒకేల వచ్చినా ఇయ్యాల నాను ఊరుకోను."

లైను కదలకపోయినా షనీస్ కుర్చీ పట్టుకుని ముందుకి జరపబోయింది.

లోపల అవ్వ చెయ్యి సిరాలో ముంచారు. బయటికొచ్చి చెయ్యి అటూ ఇటూ తిప్పి చూసుకుంది.

"ఏటే, సిరా కనపడదేటి?"

"కనపడదు అవ్వా. వాళ్ళ నీలం లైటు కింద పెడితేనే."

"దొంగముండాకొడుకులందరికీ ఇలాటిదే పుయ్యాల," అంది అవ్వ సంతోషంగా.

ఇంటికొచ్చి కాళ్ళు కడుక్కుంది. తెల్ల చీర కట్టుకుంది. పెట్టె తెరిచి గుడ్డ విప్పి, అట్ట రెండు చేతులతో షనీస్‌కి అందించింది. హాల్లో గాస్పెల్ ప్లేట్ల పక్కన, డెస్మండ్ కుర్చీలోనే కూర్చుంది. "ఎట్టు."

ప్లేయర్ ముల్లు పాడుచేసి చేతులు దులుపుకోవచ్చు. పాతదైపోయింది, అరిగిపోయింది అనొచ్చు. అబద్ధం నాలుక చివర దాకా వచ్చింది కూడా. కానీ అవ్వ కళ్ళు మూసుకుని, కొంగు తల మీదకి లాక్కుని ఉంది. చేతికి ఏ వైపు వస్తే ఆ వైపు పెట్టి ప్లేటు మీద ముల్లు దించేసింది షనీస్.

గరగర. తరవాత సింథసైజర్.

అవ్వ కళ్ళు తెరవలేదు. "మద్దెల ఏదే?" అంది. కాసేపాగి, "సక్రం ఏగంగా తిరగతందేటి, సూడు," అంది. అప్పటికి ఆ తెల్ల కుర్రాడు పాట అందుకున్నాడు.

"అవ్వా. ఇది నాది."

"నీదేటి?"

"నా ప్లేటు. ఆ రోజు చర్చిలో విరిచింది తాతది."

పాట నడుస్తూనే ఉంది.

"ఎవరిరిచారు?"

"నేనే."

"దేంతో?"

"మోకాలితో."

"ఏ మోకాలు?"

షనీస్ కుడికాలు చూపించింది. అవ్వ వంగి, ఓటేసిన చెయ్యి ఆ మోకాలి మీద పెట్టి, దెబ్బ ఎక్కడైనా తగిలిందా అన్నట్టు తడిమింది.

"ఇరిచేముందు ఒక్కపాలైనా ఇన్నావా ఆయన్ని?"

"లేదు."

"నీకు ఆ టేపు మిషను ఉంది కదే. నీ నేస్తులందరికీ పాటలు ఎక్కించి ఇస్తావు కదా."

ఆ మాట షనీస్‌కి అప్పటిదాకా తట్టనేలేదు. నిజంగా తట్టలేదు. అరగంట పని. ఖాళీ క్యాసెట్లు తండ్రి బకెట్లో పడకముందు నాలుగు ఉండేవి. ఏడుపు ముంచుకొచ్చి ముల్లు ఎత్తెయ్యబోయింది.

"ముట్టుకోకు!" అంది అవ్వ. "ఉండనీ. మా ఆయన్ని తిన్నది ఎలా కూస్తాదో ఇంటాను."

విన్నది. ఆ వైపు మొత్తం. డెస్మండ్ కుర్చీలో నిటారుగా కూర్చుని, చావింట్లో కూర్చున్నట్టు. నాలుగో పాట వచ్చింది. డ్రమ్ములు ఆగాయి. సింథసైజర్ ఒక్కటే మిగిలింది.

"బాగుందే," అంది అవ్వ.

షనీస్ తలెత్తింది.

"బాగానే ఉంది. ఇది కూడా ఏడుపే కదా."

రెండేళ్ళుగా ఆ ఇంట్లో ఒక్కరంటే ఒక్కరు ఆ మాట అంటే చాలనుకుంది షనీస్. ఇప్పుడు అన్నారు. చెవులు మూసుకోవాలనిపించింది.

"కలం తే," అంది అవ్వ. "ఆ అట్ట మీదే రాయి. పద్నాలుగు అంకెలెయ్యి ముందు."

షనీస్ తాత అట్ట వెనక ఒకటి నుంచి పద్నాలుగు దాకా అంకెలు వేసింది. తెలుగు రాయడం రాదు. ఇంగ్లీషు అక్షరాల్లోనే రాసింది.

"అప్పలసామి. పెద్ద పోలయ్య. సిన్న పోలయ్య. వంటల గురువులు. సన్యాసి. కుంటి నరసమ్మ." వేళ్ళు మడుస్తూ ఒక్కొక్కటే చెప్పింది అవ్వ. ఏడో వేలు మడిచింది. పెదాలు కదిలాయి. పాట మొదటి చరణం నుంచి మళ్ళీ అందుకుంది, లోగొంతుతో:

"చెరుకు మాది, చేను మాది, చేతి పుండు మాది
చక్కెరేమో దొరగారి గిన్నెలోన పడ్డాది..."

రెండో చరణం కూడా దాటింది. మూడో చరణంలో ఆరు పేర్ల తరవాత మళ్ళీ అక్కడే ఆగిపోయింది. ప్లేటు చివరి గాడిలో టిక్కుటిక్కుమంటూ తిరుగుతోంది. షనీస్ కలం ఏడు పక్కన ఆనించి కూర్చుంది. అవ్వ వేలు మడిచే ఉంది. ఇక రాలేదు.

డెస్మండ్‌కి ఆ సంగతి అవ్వ చెప్పలేదు. షనీస్‌తో కూడా మళ్ళీ ఎత్తలేదు. పొద్దున్నే టీ అడిగేది, జడ వేసేది. తిట్లు కూడా మునుపటిలాగే తిట్టేది. ఆ ట్రంకు మాత్రం మళ్ళీ షనీస్ ముందు తెరవలేదు.

షనీస్ శనివారాలు ఓవర్‌పోర్ట్ వెళ్ళడం మానేసింది. బ్యారెక్స్‌లో పుట్టిన ముసలివాళ్ళు ఎక్కడున్నారని తెలిస్తే అక్కడికల్లా అట్ట పట్టుకుని పోయింది. సమ్మె అంటే కొందరు తలుపేశారు. ఒకాయన ఏడో పేరు రామసామి అన్నాడు, ఆయన తమ్ముడే కాదు కాదు గవరయ్య అన్నాడు. ఇద్దరూ ఆమె ఎదుటే కొట్టుకున్నంత పని చేశారు. షనీస్ రెండూ రాసి పక్కన ప్రశ్న గుర్తు పెట్టింది. తొమ్మిదోదీ పన్నెండోదీ దొరికాయి. అవ్వ పోయేనాటికి అయిదు అంకెల పక్క ఖాళీ. ప్లేటు ఇంకొకటి ఎక్కడా దొరకలేదు.

గొడుగు ప్లేటు ఆమె దగ్గరే ఉంది. పారెయ్యాలని మూడుసార్లు తీసింది. తీసిన ప్రతిసారీ నాలుగో పాట పెట్టుకుంది. డ్రమ్ములు ఆగే చోట ఒళ్ళు ఇప్పటికీ జలదరిస్తుంది. ఆ సంగతి మాత్రం ఎవరికీ చెప్పదు.