పెదవులు కలిసిన మాట

మరమగ్గాల షెడ్డులో మనిషి గొంతు మనిషికి వినపడదు. అందుకే అక్కడ పనిచేసినవాళ్ళంతా పెదవులు చూసి మాట్లాడుకోవడం నేర్చారు. పంతులమ్మ తాత ఇంట్లో చేమగ్గం ముందు కూర్చుని నేశాడు. మరమగ్గాలొచ్చాక నాన్న, బాబాయి నాలుగేసి మగ్గాల మధ్య నిలబడి నేశారు. ఇప్పుడా షెడ్డులో ఎవరెవరో పార్సిళ్ళు సర్దుతున్నారు. మగ్గాల చప్పుడూ పోయింది, బాబాయి చెవులూ పోయాయి.

నాన్న పోయాక ఆమె బాబాయి ఇంటికి రావడం ఇదే మొదలు.

"గొంతు చించుకోకే, మొహం ఇటు పెడితే చాలు," అంది పిన్ని. "కాపురానికొచ్చిన కొత్తలో ఈయన్ని తిట్టాలంటే గోడవైపు తిరగాల్సొచ్చేది."

పంతులమ్మ నవ్వలేకపోయింది. ఎవరికీ, అమ్మకు కూడా చెప్పని మాట ఒకటి ఆమె గుండెలో ముల్లులా ఉంది. ఆసుపత్రిలో నాన్న గొంతుకు గొట్టం వేశారు, మాట రాదు. చివరిరోజు ఆమెనే చూస్తూ పెదవులు కదిపాడు. నీళ్ళు అడిగాడనుకుంది. ఇవ్వకూడదన్నారు, ఇవ్వలేదు. ఆ దప్పికతోనే పోయాడేమో!

ఆమె చెప్పిందంతా విని, కాదు, చూసి, బాబాయి అడిగాడు. "నీళ్ళేనని నీకెలా తెలుసు?"

"నీ అనే మొదలైంది బాబాయ్."

"మొదలొక్కటి చూస్తే ఎలా? ఏదీ, అన్నయ్య అన్నట్టే అను. గొంతొద్దు."

ఆమె కళ్ళు మూసుకుని, గుర్తున్నట్టే పెదవులు కదిపింది. విచ్చుకున్నాయి, ఒకసారి కలిశాయి, తర్వాత సున్నాలా చుట్టుకున్నాయి.

"మళ్ళీ." బాబాయి ముందుకు వంగాడు. "మధ్యలో కలవడం నిజంగా చూశావా?"

"చూశాను."

"అయితే నీళ్ళు కాదే పిచ్చిదానా! నీళ్ళు అను, ఎక్కడ కలుస్తాయో చూద్దాం."

అంది. కలవలేదు. మళ్ళీ అంది. ఏళ్ళ తరబడి పిల్లలచేత అక్షరాలు పలికించిన మనిషికి ఇది తట్టనే లేదు.

"'నిలబడకు, కూర్చో.' అదీ అన్నయ్య అన్నది. ఆ వేళ నిలబడే ఉన్నావా?"

"పొద్దుటినుంచీ."

"మరింకేం!"

పిన్ని పకాలున నవ్వి, కళ్ళు తుడుచుకుంది. "నువ్వు కడుపులో ఉన్నప్పుడు మీ అమ్మ షెడ్డులో కండెలకు నూలు చుట్టేది. మగ్గాల అవతలనుంచి మీ నాన్న రోజంతా ఇదే పాట. 'అయితే నువ్వొచ్చి చుట్టు,' అనేది మీ అమ్మ. సూపర్‌వైజరుకు ఒక్క ముక్క అర్థమైతే ఒట్టు!"

నాన్న మాటను సరిగ్గా చదవగలవాడు ఇంట్లో ఇంకా ఒకడు మిగిలి ఉన్నందుకు పంతులమ్మకు అప్పుడు ఏడుపొచ్చింది. బాబాయి చేయి పట్టుకుని కాసేపు వదల్లేదు. తర్వాత సంచీ అందుకుని లేచింది.

"అన్నం తిని వెళ్ళవే," అంది పిన్ని.

"అమ్మకు చెప్పొస్తాను పిన్నీ. ఆ మాట ముందు ఆవిడదే కదా."