గంటా పన్నెండు నిమిషాలు

గరివిడి దాటాక విమానం నడపడం నేర్పే బడి ఒకటుంది. అందులో జీవరత్నం మెకానిక్కు. చర్చికైనా, విమానాలు నిలిపే హ్యాంగరుకైనా చొక్కా గుండీలు మెడదాకా పెట్టుకునే మనిషి.

ఆ గురువారం ఆయన విశాఖపట్నం వర్క్‌షాపులో ఒక నారింజరంగు డబ్బాకి కొత్త బ్యాటరీ వేయించుకుని వస్తున్నాడు. విమానం కూలితే ఆ కుదుపుకి దానంతటదే మేలుకుని, ఫలానా చోట పడ్డాం రండి అని ఉపగ్రహానికి కబురుపెట్టే డబ్బా అది. విజయనగరంలో బస్సెక్కి, కిటికీ పక్కన కూర్చుని, డబ్బా ఉన్న సంచి ఒళ్లో పెట్టుకున్నాడు. పక్కన దేముడమ్మ అనే ముసలామె, చీపురుపల్లిలో కూతురింటికి వెళ్తోంది.

నెల్లిమర్ల రాకముందే ఆయనకి కునుకు పట్టింది. స్పీడ్ బ్రేకరు మీద బస్సు ఎగిరిపడి సంచి కిందికి జారింది. దేముడమ్మ దాన్ని తీసి, దుమ్ము దులిపి, మళ్లీ ఆయన ఒళ్లోనే పెట్టింది. ఆ తర్వాత రైల్వే గేటు దగ్గర బస్సు అరగంట ఆగిపోయింది. అయినా ఆయన లేవలేదు.

గరివిడిలో ఆవిడే తట్టి లేపింది.

"బాబూ, నీ డబ్బా కుయ్ కుయ్‌మంతన్నాది."

"ఎప్పట్నుంచమ్మా?"

"కింద పడ్డకాడ్నుంచీ. నిద్దరోతన్నావని లేపనేదు."

ఆయన సంచి విప్పి చూశాడు. ప్రయాణంలో ఆపి ఉంచాల్సిన స్విచ్చి ఆపలేదు. విమానంలో బిగించినప్పటి అలవాటు కొద్దీ పొద్దున తనే దాన్ని కుదుపుకి మేలుకునేలా పెట్టేశాడు. ఆపాడు. ఫోను తీస్తే సైలెంట్‌లో ఉంది, పందొమ్మిది మిస్డ్ కాల్స్. చూస్తుండగానే ఇరవయ్యోది వచ్చింది. బెంగళూరు రెస్క్యూ సెంటరు.

"మీ విమానం కూలిందాండి?"

"లేదండి."

"సిగ్నల్ గరివిడి నుంచి వచ్చింది."

"నేను గరివిడిలోనే ఉన్నానండి. బస్సులో."

"పైలట్ ఎలా ఉన్నారు?"

"పైలట్ లేరండి. డ్రైవరున్నాడు. బాగానే ఉన్నాడు."

ఆ మాటల్లోనే ఫైరింజను వచ్చి బస్సు ముందు ఆగింది. ఇద్దరు స్ట్రెచరు దించి, ఎవరికి దెబ్బలు తగిలాయని అడిగారు. దేముడమ్మ తన మోకాళ్ల సంగతి చెప్పింది.

హ్యాంగరులో చీఫ్ ఇంజనీరు జగన్నాధం కుర్చీలో కూలబడి ఉన్నాడు. "మన విమానాలు నాలుగే కదా, అయిదుసార్లు లెక్కెట్టేను. నాలుగూ ఉన్నాయి. మరి కూలిందేటని గుండాగిపోయినాది."

జీవరత్నం తప్పు తనదేనని చెప్పి లాగ్‌బుక్కు తెరిచాడు. డబ్బా కూసిన సమయం గంటా పన్నెండు నిమిషాలు. మొత్తం గంట దాటితే ఆ బ్యాటరీ ఇక పనికిరాదు, మళ్లీ మార్చాలి. అది రూలు.

"యాభై అయిదని రాసీ," అన్నాడు జగన్నాధం. "కొత్తగా వేసిన బేటరీ ఏటైపోద్ది?"

జీవరత్నం కలానికి మూత పెట్టాడు.

"పదేళ్ల కిందట వేరే కంపెనీలో ఉండగా ఒడిశా కొండల్లో ఒకటి పడిపోయిందండి. డబ్బాలో బ్యాటరీ చచ్చిపోయి ఉంది. మూడోరోజుకి కాలినడకన ఎతికి పట్టుకున్నాం. పైలట్ బూట్లు ఇప్పి, రెండూ వరసగా పక్కనెట్టుకుని ఉన్నాడు. పడ్డాక ఎన్నాళ్లు బతికున్నాడో తెలీదండి."

జగన్నాధం కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు. చాలాసేపు తుడిచాడు.

"గంటా పన్నెండని రాయి," అన్నాడు చివరికి. "ఇంకోటి, నీకు మెమో ఇవ్వాల."

"ఇవ్వండి."

మెమో ఆ సాయంత్రమే వచ్చింది. బ్యాటరీకి పదకొండు రోజులు పట్టింది. ఆ పదకొండు రోజులూ ఆ డబ్బా ఉండాల్సిన విమానం కదల్లేదు. గాల్లోకి లేవాల్సిన కుర్రాళ్లు జీవరత్నాన్ని చూసి మొహం తిప్పుకున్నారు. ఆయనకి బాధగానే ఉండేది గానీ, రోజూ వచ్చి ఆ విమానం రెక్కలు తుడిచేవాడు.

పన్నెండోనాడు కొత్త బ్యాటరీ బిగించాడు. నిజంగానే కూలిందని ఎవరూ అనుకోకుండా, పరీక్ష చేయాలంటే ప్రతి గంటలోనూ మొదటి అయిదు నిమిషాలే అనుమతి. పదిగంటల రెండు నిమిషాలకి స్విచ్చి నొక్కాడు. దీపం వెలిగింది. స్విచ్చి సరైన చోట ఉందని రెండుసార్లు చూసుకుని, సంతకం పెట్టి, టీకి వెళ్లాడు.