కొత్త బండి, మొదటి ఆయిలు

కారు కొన్నప్పటి నుంచీ ఉమాపతి తన భార్యను అరవై దాటనిస్తే ఒట్టు. "ఇంజిన్ ఇంకా కుదురుకోలేదు కామాక్షీ, ఎక్స్‌లేటర్ మీంచి కాలు తియ్యి!" అని యూనివర్సిటీ రోడ్డంతా ఒకటే గోల. వెయ్యి కిలోమీటర్లు కాగానే, ఏ మెకానిక్‌నూ నమ్మని ఆ మహానుభావుడు తార్నాకలో తమ అపార్ట్‌మెంట్ సెల్లార్లోనే పాత ఆయిలంతా టబ్బులోకి దింపేసి, నట్టు బిగించాడు. కొత్త ఆయిలు డబ్బా కోసం పైకొచ్చి, తాళాలు టేబుల్ మీద పడేసి, "ఇవాళ్టి నుంచి నీ ఇష్టమొచ్చినంత స్పీడు పో!" అని భార్యకు వరమిచ్చి స్నానాల గదిలోకి దూరాడు.

చేతుల జిడ్డు వదిలించుకుని, డబ్బాతో కిందికి దిగేసరికి టబ్బు ఉంది, కారు లేదు. చుక్క ఆయిలు లేని ఇంజిన్ బిగుసుకుపోవడానికి నిమిషాలు చాలు.

ఇంతలో ఫోను మోగింది.

"ఏమండీ, క్యాంపస్‌లో ఎనభై కొట్టేశాను! అవునుగానీ, ఈ ఎర్ర దీపమేంటి, ఎంతకీ ఆరట్లేదు?"