బిజిలీ ఎడమ ముక్కు

పౌలురాజు బిజిలీ ముక్కు కింద కారిన చీము తుడిచి, ఆ దూదిని తగలబెట్టే డబ్బాలో పడేశాడు. ఎనిమిది రోజులుగా పొద్దున్నే ఇదే పని. బిజిలీ ఢిల్లీ పెళ్ళికొడుకులను మోసే తెల్ల గుర్రం. దాని ఎడమ ముక్కు చూసి అందరూ గ్లాండర్స్ అన్నారు. రెండువేల ఏడులో ఆ పేరు వింటేనే పశువుల ఆస్పత్రి గడగడలాడేది. మనుషులకూ అంటుకునే రోగం. రక్తం పరీక్షించే హిసార్ ల్యాబు ఔనంటే గుర్రాన్ని సూది వేసి చంపాల్సిందే. అందుకే విడిగా ఉన్న ఆ పాకలోకి ఒక్కరూ అడుగు పెట్టరు, ఈ మహానుభావుడు తప్ప.

ముప్ఫయ్యేళ్ళుగా అక్కడ గాయాలకు కట్లు కట్టే డ్రెస్సర్. చదివింది ఏడో తరగతి, బడాయి మాత్రం డాక్టర్లందరికీ సరిపడా. మొదటిరోజే మాస్కు కిందికి లాగి, గుర్రం కుడి ముక్కు మూసి, ఎడమ ముక్కు ఊపిరి వాసన చూశాడు. తర్వాత కొబ్బరికాయను తట్టినట్టు రెండు చెంప ఎముకలూ వేలితో తట్టి విన్నాడు. కుడివైపు బోలుగా మోగింది, చీము నిండిన ఎడమవైపు మొద్దుగా పలికింది.

"పన్ను కుళ్ళింది మేడమ్. ఇది గ్లాండర్స్ కాదు," అన్నాడు.

డాక్టర్ సుభాషిణిది హైదరాబాదు. మాస్కు తీసినందుకు తెలుగులోనే ఆయన్ని కడిగి పారేసింది. ఇంట్లో భార్య రెబ్కా ఆయన మంచం వరండాలోకి మార్చేసింది.

ఎనిమిదో రోజు మధ్యాహ్నం హిసార్ రిపోర్టు వచ్చింది. గేటు దగ్గర కూర్చున్న యజమాని షకీల్ తల ఎత్తలేదు. అతనికున్నది ఆ ఒక్క గుర్రమే. నిజం చెప్పాలంటే పౌలురాజుకూ భయమేసింది. భయం లేదు భయ్యా అని రోజూ షకీల్‌కి ధైర్యం చెప్పింది తనే కదా!

సుభాషిణి కాగితం రెండుసార్లు చదివింది. "గ్లాండర్స్ లేదంకుల్. మీరన్న పన్నేదో చూద్దాం, రండి."

మత్తిచ్చి నోరు తెరిస్తే, పైదవడ పన్ను మొదలంటా కుళ్ళిపోయి ఉంది. పీకగానే గదంతా కంపు. ఆ కంపులోనే పౌలురాజు మొహం వెలిగిపోయింది. షకీల్ ఆయన చేతులు పట్టుకుని ఏడ్చాడు.

"నే చెప్పలా," అన్నాడాయన. గర్వంగా ఆ పన్నును తనే కడిగి సుభాషిణికి అందించాడు.

వారానికి బిజిలీ ఇంటికెళ్ళింది. నెలాఖరుకు పౌలురాజూ రిటైరై, దండలూ ఫొటోలూ వద్దని, ఎప్పటి బస్సే ఎక్కి వెళ్ళిపోయాడు.

సుభాషిణి బల్లమీద ఒక గాజుసీసా ఉండిపోయింది. అందులో వేలంత పొడవు పసుపు పన్ను, పైన ఆ ఆస్పత్రిలో ఇంకెవరూ చదవలేని తెలుగులో "పౌలురాజు గారు కనిపెట్టింది" అని ఒక చీటీ.