ఫైలు మీద పేరు

“మళ్ళీ ఏం పాడుచేశావ్?” అంటూనే లేచి వచ్చాడు భర్త. ఆమె కుర్చీ వెనక్కి జరుపుకుని తల పక్కకి తిప్పుకుంది. అతను పాస్‌వర్డ్ కొడుతుంటే చూడకూడదన్నది ఆ ఇంట్లో పన్నెండేళ్ళుగా నడుస్తున్న మర్యాద. కంప్యూటర్ అతనిది. దాని మీద పాఠ్యపుస్తకాల పేజీలు కూర్చేది ఆమె. ఒక్క ఫాంటు ఎక్కించాలన్నా అతను రావాలి, రాకపోతే పని ఆగాలి.

ఆగింది కూడా. సైన్సు పుస్తకం ప్రెస్సుకు వెళ్ళాల్సిన రోజే ఫాంటు మొండికేసింది. ఆఫీసులో ఉన్న భర్తకు తొమ్మిదిసార్లు ఫోన్ చేసింది. “మీటింగులో ఉంటే ప్రాణం తీస్తావేంటి?” అన్నాడు సాయంత్రం ఇంటికొచ్చి. అప్పటికే ప్రచురణ సంస్థ ఎడిటరమ్మ ఆ పుస్తకాన్ని ఇంకొకరికి ఇచ్చేసింది.

మర్నాడు ఆమె అటక మీంచి కూతురు వాడి వదిలేసిన లాప్‌టాప్ దించింది. ఉచితంగా దొరికే లినక్స్ అనే ఆపరేటింగ్ సిస్టమ్‌ని దాన్లోకి ఎక్కించడం మొదలుపెట్టింది. మూడుసార్లు తప్పింది. నాలుగోసారి నిలబడింది.

“ఉన్నదాంతో సర్దుకోవచ్చుగా అమ్మా,” అంది అత్తగారు.

“వారం తిరక్కుండా నా దగ్గరికే వస్తావ్, చూడు,” నవ్వాడు భర్త.

అతని మాటే నెగ్గేలా ఉంది. లినక్స్‌లో తెలుగు అక్షరాల మీటలన్నీ తారుమారు. పది నిమిషాల పేజీకి గంట పడుతోంది. ఓ మధ్యాహ్నం ‘క్ష’ దొరక్క కళ్ళనీళ్ళు తిరిగాయి. వదిలేద్దామా అనుకుంది. ఈ ఇంటికొచ్చాక తను నేర్చుకోనిదేముంది? ఎవరి టీలో ఎంత చక్కెరో నేర్చుకుంది, ఎవరు మూతి ముడిస్తే ఏ సంగతి దాటవేయాలో నేర్చుకుంది. అన్ని నేర్చిన బుర్రకి ఈ కాసిని మీటలొక లెక్కా? మీటల పటం గీసి వంటగది గోడకి అంటించింది. అన్నం ఉడికేలోగా గట్టు మీదే వేళ్ళాడించి సాధన చేసింది.

పదకొండో రోజున పాత పేజీలన్నీ కొత్తదాన్లోకి తెచ్చుకుంది. ఒక ఫైలు వివరాలు తెరిస్తే ‘తయారుచేసినవారు’ అన్నచోట భర్త పేరు. ఇంకోటి తెరిచింది, అదే పేరు. ముప్పై ఎనిమిది పుస్తకాలు! అచ్చైన పుస్తకాల్లో ‘కూర్పు’ అన్నచోట అతని పేరు చూసినప్పుడల్లా ప్రెస్సువాళ్ళే పొరబడ్డారనుకునేది. “పోనీలే, ఏదో పొరపాటు,” అని అతనే సర్దిచెప్పేవాడు.

పేపరు చదువుతున్న భర్త ముందుకు లాప్‌టాప్ తీసుకెళ్ళింది. “ఇది మీకు ముందే తెలుసా?”

అతను పేపరు దించాడు. “కంప్యూటర్ నాది కాబట్టి నా పేరు పడుతుంది. అయినా ఎవరి పేరుంటే ఏంటోయ్? ఒకే ఇల్లు కదా.”

“అయితే నాదే ఉండనివ్వండి.”

వెళ్ళి ఎడిటరమ్మకి ఉత్తరం కొట్టింది. ‘మీరు వేసిన ముప్పై ఎనిమిది పుస్తకాలకూ కూర్పు నాది. ఇకమీదట వేసే ప్రతి ముద్రణలోనూ నా పేరే వేయండి.’