చిన్నబాబుగారు కరిచారండీ

వేగిలంక దివాణంలో కుక్క అన్న మాట నిషేధం. అసలు అక్కడ కుక్క ఉంటే కదా, ఉన్నది చిన్నబాబుగారు! రాజావారు మద్రాసు నుంచి బుట్టలో పెట్టి తెచ్చిన తెల్లబొచ్చు కూనని పిల్లల్లేని రాణీగారు గుండెలకి హత్తుకున్న రోజునే ఆ పేరు ఖాయమైపోయింది. ఆయన భోంచేస్తారు, పవళిస్తారు, అలుగుతారు. తోక ఊపితే నవ్వుతున్నారనాలి. ఒక వంటవాడు ఆదమరిచి, "కుక్కకి అన్నం కలిపానండి" అన్నాడు. సాయంత్రానికల్లా పెళ్ళాంబిడ్డలతో, తట్టాబుట్టాతో కొల్లేటి గట్టున నిలబడ్డాడు. అప్పటి నుంచి అందరూ నోరు దగ్గర పెట్టుకున్నారు.

చిన్నబాబుగారికి స్నానం చేయించడం హన్నమ్మ పని. మొగుడు పోయాక పాదిరిగారు చెబితే దివాణంలో చేర్చుకుని, దొడ్డి వెనక పాక కూడా ఇచ్చారు. కూతురు సువర్ణతో అందులో ఉంటుంది. ఆ పాక కాస్తా పోతే తల్లీకూతుళ్ళకి తల దాచుకునే చోటు లేదు.

ఆ ఏడు, అంటే ముప్ఫై అయిదులో, మాఘమాసంలో రాణీగారు పడవ మీద పక్షుల్ని చూడబోతే, చిన్నబాబుగారు లంక మీద దిగి ఒక నక్కతో కలబడ్డారు. చెవి చిరిగింది. పసుపు రాశారు, దిష్టి తీశారు, మరిచిపోయారు. ఎండలు ముదిరేసరికి ఆయన పద్ధతి మారింది. మంచం కింద చీకట్లోంచి బయటికి రారు. మంచం కోడు కొరుకుతారు. గొంతు బొంగురుపోయింది. స్నానానికి చెంబు ఎత్తితే చాలు, ఒళ్ళంతా వణికి మెడ కొయ్యబారిపోతుంది. ఆ కళ్ళు చూసి హన్నమ్మ హడలిపోయింది. కానీ ఎవరికి చెప్పాలి? ఏమని చెప్పాలి?

ఒక పొద్దున పాలగిన్నె పెట్టబోయిన సువర్ణ మణికట్టుని ఆయన పట్టేశారు. గోనె కప్పి లాగితే గాని వదల్లేదు.

"బాబు ఆడుకున్నాడే. దానికే అంత ఏడుపా?" అన్నారు రాణీగారు. అన్నారు గాని ఆవిడ చెడ్డమనిషి కాదు. కారిచ్చి, గుమాస్తా కనకరాజుని తోడిచ్చి, ఏలూరు పెద్దాసుపత్రికి పంపించారు.

దెందులూరు దాటాక కనకరాజు ముందుసీట్లోంచి వెనక్కి తిరక్కుండానే, "హన్నమ్మా, అక్కడ నోరు జారకు. దివాణం పరువు. పాక సంగతి గుర్తుందిగా?" అన్నాడు.

"గుర్తుందండి."

సువర్ణ తల్లి ఒళ్ళో పడుకుని కాలవ వైపు చూస్తోంది. నీళ్ళు కనబడినప్పుడల్లా హన్నమ్మ పిల్ల మొహంలోకి చూసేది. నీళ్ళు చూసి జంకుతోందా? లేదు. ఇంకా లేదు.

డాక్టరు నెల్లూరు నుంచి బదిలీ మీద వచ్చి నెల కాలేదు. పిల్ల చెయ్యి పట్టి చూశాడు. పసుపు మెత్తి, వాచిపోయి, గాట్లు పోల్చుకునేలా లేవు.

"ఏం జరిగిందమ్మా?"

"చిన్నబాబుగారు కరిచారండీ."

డాక్టరు నవ్వాడు. "బాబుగారికి ఎన్నేళ్ళు?"

"నాలుగండి."

"ఆ వయసులో కొరుకుతారులే. పళ్ళు మాత్రం గట్టివే. టించరు రాసి కట్టు కడతారు, తీసుకెళ్ళు."

కనకరాజు పైకప్పు కేసి చూస్తున్నాడు. హన్నమ్మ కుక్క అనబోయింది. ఇన్నేళ్ళూ మింగుతూ వచ్చిన మాట గొంతుకి అడ్డం పడింది.

"బాబుగారు నీళ్ళు తాగడం లేదండీ," అంది ఎలాగో.

"జ్వరమేమో."

"నీళ్ళు చూస్తే వణికిపోతున్నారండి. చొంగ కారుస్తున్నారండి. మాఘంలో నక్క కరిచిందండి!"

డాక్టరు దిగ్గున లేచాడు. మొహాన నెత్తురు చుక్క లేదు. "నాలుగేళ్ళ బిడ్డని నక్క కరిస్తే ఇన్నాళ్ళూ ఇంట్లో పెట్టుక్కూర్చున్నారా? మీరు మనుషులేనా? పదండి, ముందా బిడ్డని చూడాలి!"

"అది కాదండీ... చిన్నబాబుగారంటే..." అని కనకరాజు నీళ్ళు నమిలాడు.

డాక్టరు సంచీ అందుకుని గుమ్మం వైపు నడిచాడు. సువర్ణ బల్ల మీద అలాగే ఉండిపోయింది. ఈయన కాస్తా వెళ్ళిపోతే! హన్నమ్మకి పై ప్రాణాలు పైనే పోయాయి. వెళ్ళి గుమ్మానికి అడ్డంగా నిలబడింది.

"బాబు కాదండీ, కుక్కండీ! పిచ్చెక్కిన కుక్కండీ!"

ఆ అరుపుకి వరండాలో రోగులందరూ తిరిగి చూశారు. పాక పోయిందనుకుంది. పోతే పోనీ అనుకుంది.

ఆ తర్వాత చకచకా జరిగిపోయింది. గాయం సబ్బుతో కడిగారు. బొడ్డు పక్కన సూది గుచ్చారు. ఆ కుక్కని గదిలో పెట్టి తలుపు వెయ్యమని, ఇంకెవరినైనా కరిచిందేమో కనుక్కోమని చెప్పి డాక్టరు కనకరాజుని వెనక్కి తరిమాడు.

"పిల్ల బతుకుతుందాండీ?" అని అడిగింది హన్నమ్మ.

"వేళకే తెచ్చారనుకుంటున్నాను. రోజూ సూది వెయ్యాలి. ఆ తర్వాత కొన్నాళ్ళు చూడాలి."

ఏం చూడాలో ఆమెకి తెలుసు. పిల్ల దాహమని గ్లాసెత్తి తాగుతుంటే, గుటకగుటకకీ ఊపిరి బిగబట్టి చూస్తూ కూర్చుంది.

పొద్దు వాలేవేళకి గోషా తెరలు కట్టిన దివాణం కారు వచ్చి ఆసుపత్రి ముందు ఆగింది. కనకరాజు దిగి, రమ్మని సైగ చేశాడు. మాట పడడానికే అనుకుని హన్నమ్మ వెళ్ళి తెర తొలగించింది. రాణీగారు ఒక్కరే ఉన్నారు. కళ్ళు వాచిపోయి ఉన్నాయి.

"బాబు మధ్యాహ్నం పోయాడే," అన్నారు. "డాక్టరుకి ఏమని చెప్పావు?" అని అడిగారు.

"కుక్క అని చెప్పానండి. నా పిల్ల కోసమండి. క్షమించండి అమ్మగారూ."

రాణీగారు పట్టు రవిక చేతిని మెల్లగా పైకి లాగారు. మణికట్టు నుంచి మోచేతి దాకా పళ్ళ గాట్లు. కొన్ని చెక్కు కట్టాయి, కొన్ని ఇంకా పచ్చిగానే ఉన్నాయి.

"ఎప్పటి నుంచండీ?" అంది హన్నమ్మ.

"మంచం కింద దూరిన నాటి నుంచీ. తెలిస్తే బాబుని కాల్చేస్తారని ఎవరికీ చెప్పలేదు." కారు దిగబోయి హన్నమ్మ భుజం పట్టుకున్నారు. "నువ్వు కూడా లోపలికి రావే. నా సంగతీ నువ్వే చెప్పు డాక్టరుకి. ఆ మాట నా నోటికి రాదు."