కాసేపు నడవనీ

"మధ్యాహ్నంపూట నీకేం పనుంటుంది, దాని దగ్గర కాస్త కూర్చో" అని మా ఆయన ఆనంద్ పాల్ అన్నప్పుడు నేను చారులోకి చింతపండు పిసుకుతున్నాను. 'దాని' అంటే మా బిందు. ఇంటర్ అయిపోయి, ఎంసెట్ రాసేసి, స్కూటీ నేర్చుకుంటానని వెళ్ళి పవర్‌పేట స్టేషన్ దగ్గర పడి కుడిచెయ్యి విరగ్గొట్టుకుంది. ఆరిన బట్టలు తియ్యడం, అత్తయ్యగారి కాళ్ళకి నూనె రాయడం, మర్నాటి టిఫినుకి పప్పు నానబెట్టడం, ఇవన్నీ మధ్యాహ్నం పనులే. ఆ వేళకి ఆయన ఆఫీసులో ఉంటారు కాబట్టి ఆయన కంటపడవు. భోజనాలయ్యాక వెళ్ళి కూర్చున్నాను.

బిందుకి కంప్యూటర్ ఆట పిచ్చి. అందులో నలుగురు కలిసి అడవులూ గుహలూ దాటుకుంటూ పోతుంటారు. కత్తి పట్టే అతను, విల్లు వేసే పిల్ల, మంత్రాల ముసలాయన, వైద్యం చేసే ఒకావిడ. మౌస్ బిందు ఎడమచేత్తో కదుపుతుంది, మీటలు నేను నొక్కాలి. మొదట్లో ఒకటి నొక్కబోయి ఇంకొకటి నొక్కి తిట్లు తిన్నాను. తర్వాత్తర్వాత, ఎవరికి దెబ్బ తగిలినా ఆ వైద్యం చేసే ఆవిడ చేత మాన్పించే మీట మాత్రం చూడకుండా నొక్కడం వచ్చేసింది. తెరమీద ఆవిడ పేరు ఇంగ్లీషులో చిన్న అక్షరాల్లో ఉండేది. ఒకరోజు కళ్ళజోడు పెట్టుకుని చదివాను. కృప.

నా పూర్తి పేరు కృపావరం. ఇంట్లో అందరూ పిలిచేది కృప అనే.

"నా పేరెందుకు పెట్టావే?" అన్నాను.

"పేర్లు మనమే పెట్టుకోవాలమ్మా. అందరికీ మందు రాసే మనిషనగానే నువ్వే గుర్తొచ్చావు" అంది, కట్టులోకి స్కేలు దూర్చి గోక్కుంటూ.

మర్నాడు గుహలో పాము కళ్ళ జంతువొకటి ఎదురైంది. దాని చూపు పడితే మనిషి రాయైపోతాడట. ఆ చూపు కృప మీద పడింది. పాదాల దగ్గర్నుంచి బూడిదరంగు పైకి పాకింది. ఎవరికో వైద్యం చెయ్యడానికి ఎత్తిన చెయ్యి ఎత్తినట్టే ఉండిపోయింది. నేను మీట నొక్కుతూనే ఉన్నాను. "ఇంక నొక్కకమ్మా, తను చెయ్యలేదు" అంది బిందు. మిగతా ముగ్గురూ కలిసి ఆ జంతువుని చంపారు. సంగీతం మోగింది. ముగ్గురి పేర్ల పక్కనా అనుభవం అంకెలు పెరిగాయి. కృప పక్కన అంకె కదల్లేదు. ఎందుకని అడిగాను.

"రాయిగా ఉన్నవాళ్ళకి రాదమ్మా."

"ఇందాకటిదాకా వీళ్ళ దెబ్బలన్నీ మాన్పింది తనే కదే."

"ఆటలో అంతే. అయినా తనకేం బాధ ఉండదు. దెబ్బలు తగలవు, ఆకలెయ్యదు. ఒకరకంగా సేఫ్."

బట్టలు తీసుకొస్తానని చెప్పి డాబా మీదికి వెళ్ళిపోయాను.

మామయ్యగారు పోయిన రోజున మా ఆడపడుచు ప్రభావతి అందరి ముందూ అంది, "కృప కంట నీటిబొట్టు లేదు. రాతి మనిషి" అని. ఆ రోజు తెల్లవారినప్పట్నుంచీ వచ్చినవాళ్ళకి కాఫీలు కలుపుతున్నాను. పాస్టరుగారొస్తే కుర్చీలు వేయిస్తున్నాను. చివరి రోజుల్లో మామయ్యగారికి మెత్తగా అన్నం కలిపి తినిపించింది నేను. ఆ మెతుకుల కోసం ఆయన నోరు తెరవడం ఇప్పటికీ కళ్ళకి కడుతుంది. ఏడవాలంటే ఒక మూల కావాలి. ఆ రోజు ఇంట్లో ఎక్కడా మూల ఖాళీ లేదు. ప్రభావతి వదిన మాట మా ఆయన విన్నారు. విని, టెంటువాడితో మాట్లాడడానికి వెళ్ళిపోయారు. ఆయన చెడ్డవారు కాదు. ఎప్పుడూ గొంతు పెంచరు. పెళ్ళికి ముందు నుంచీ నేను ఆకివీడులో చేపల చెరువుల నీళ్ళు పరీక్షచేసే ల్యాబ్‌లో పనిచేసేదాన్ని. బిందు కడుపున పడ్డప్పుడు "ఇప్పటికి మానెయ్, బిడ్డ కాస్త పెద్దయ్యాక చూద్దాంలే" అన్నారు, అంతే మెత్తగా. ఇప్పుడా ల్యాబ్ నడిపే ప్రసన్న, నా పాత స్నేహితురాలు, పనికి మనిషి కావాలి, కృప వస్తుందా అని ఇంటికి ఫోన్ చేసిందట. "ఆవిడకి కుదరదండీ, ఇంటిపట్టున ఉండడమే తనకిష్టం" అని ఈయనే చెప్పేశారట. మొన్న ఆదివారం చర్చి గేటు దగ్గర ప్రసన్న చెబితేగాని నాకు తెలియలేదు. నవ్వేసి ఇంటికొచ్చి చేపలపులుసు పెట్టాను.

బిందు వెనకే పైకొచ్చింది. కోపమొచ్చిందా అని అడిగింది. ఎందుకో దానికంతా చెప్పేశాను. ఒంటిచేత్తో తీగ మీది క్లిప్పులు ఒక్కొక్కటే తీస్తూ వింది.

"నాన్ననడగలేదా?"

"ఏమని అడగను? అలవాటు లేదు."

అది నా చేతిలోంచి దుప్పటి లాక్కుంది. "కిందకి రా. రాయిని మళ్ళీ మనిషిని చేసే మందు ఎక్కడో వెనక, మొదటి ఊళ్ళో ఉంది. తనకి తను రాసుకోలేదు. నేను తెస్తాను. నువ్వు ఊరికే కూర్చో."

మౌసూ మీటలూ రెండూ ఎడమచేత్తోనే. దాటి వచ్చిన అడవులన్నీ మళ్ళీ వెనక్కి నడిచి, మళ్ళీ ముందుకొచ్చింది. సాయంత్రమైపోయింది. పప్పు నానబెట్టలేదు. మందు తగలగానే బూడిదరంగు కిందికి జారిపోయి, కృప చెయ్యి దించింది.

"ముందెవరికి మాన్పిద్దాం? కత్తాయనకి బాగా దెబ్బలున్నాయి" అంది బిందు.

"ఎవరికీ వద్దు. కాసేపు నడవనీ."

అది నావైపోసారి చూసి, కృపనొక్కదాన్నే గుహలోంచి బయటికి తీసుకొచ్చి ఏటి ఒడ్డున నడిపించింది. అక్కడ ఏమీ జరగలేదు. గడ్డి ఊగుతోంది, అంతే. నాకు అప్పుడు ఏడుపొచ్చింది. బిందు తెరవైపే చూస్తూ, కట్టున్న చెయ్యి తెచ్చి నా ఒళ్ళో పెట్టింది.

ఆయన ఆఫీసు నుంచి వచ్చేలోపే ప్రసన్నకి ఫోన్ చేసి వస్తానని చెప్పాను. ఆయన రాగానే కాఫీ ఇచ్చి, నించునే చెప్పాను. "ఏవండీ, సోమవారం నుంచి ల్యాబ్‌కి వెళ్తున్నాను."

ఆయన తాగబోతున్న గ్లాసు కింద పెట్టారు. "నన్నొక మాట అడగాల్సింది" అన్నారు.

"మీరూ నన్నడగలేదు కదండీ."

అమ్మనెవరు చూస్తారని ఆయన మెల్లగా అన్నారు. నేను జవాబు చెప్పేలోపే లోపలి గదిలోంచి అత్తయ్యగారు పలికారు. "నా కాళ్ళకి నూనె నేను రాసుకోగల్ను గాని, దాన్ని వెళ్ళనీరా."

ఆయన సరేననలేదు, కాదనీ అనలేదు. సోమవారం పొద్దున్న మాత్రం అడక్కుండానే బండి తీసి బస్టాండులో దింపారు. టిఫిన్ డబ్బా మరిచిపోతానేమోనని చేతికిచ్చి మరీ వెళ్ళారు.

బస్సు కొల్లేరు మీదుగా పోతుంటే, సర్కారువాళ్ళు గట్లు కొట్టేసిన పాత చేపల చెరువుల నిండా కొంగలు. ఆకివీడులో దిగి ల్యాబ్ తలుపు తీసి, గాజు గొట్టాలు కడిగి ఆరబెడుతున్నాను. చెరువు నీళ్ళ సీసా పట్టుకుని కలిదిండి నుంచి ఒక పెద్దాయన వచ్చాడు. చేపలు తెల్లారగట్ల నీటి పైకొచ్చి నోళ్ళు తెరుస్తున్నాయట. గదంతా కలయజూసి, "సారు లేరాండీ?" అన్నాడు.

"సారెవరూ లేరండీ. నేనే చూస్తాను, ఇలా ఇవ్వండి."